గుర్రం మోసుకొచ్చే కబురు

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ వారం దోమల గురించి మాట్లాడతానంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. "దోమల సంగతి తెలియంది ఎవరికి?" అన్నారు. "దోమలతోపాటు గుర్రాల గురించి కూడా" అనేసరికి ఇంకా నవ్వారు. ఈ రోజుల్లో గుర్రాలెక్కడున్నాయండీ, పెళ్లి ఊరేగింపుల్లో తప్ప! కానీ నా చిన్నప్పుడు మా సింగరాయకొండ స్టేషను బయట జట్కాలు వరసగా ఆగి ఉండేవి. మద్రాసు వైపు నుంచో బెజవాడ వైపు నుంచో రైలు వచ్చిందంటే చాలు, "పాత సింగరాయకొండ, గుడి దగ్గరికి!" అని కేకలు. నరసింహస్వామి తిరునాళ్లకు మేమంతా జట్కా మీదే వెళ్లేవాళ్లం. లోపల పరిచిన గడ్డివాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

మా వీధి చివర ఒక సాయిబు తాత ఉండేవాడు. ఆయనది ఎర్ర గుర్రం, ఆడది. ఒక కార్తీకమాసంలో, తుపాను వాన వెలిసి చేలన్నీ నీళ్లు నిలిచి ఉన్న రోజుల్లో, ఆ గుర్రం దాణా ముట్టడం మానేసింది. ఒళ్లు కాలిపోతోంది. మర్నాటికి తల గోడకు ఆనించి నిలబడింది. నడిపిస్తే వెనక కాళ్లు ఒకదానికొకటి తగులుకుని తూలేది. కొందరు దిష్టి అన్నారు, కొందరు పిచ్చి అన్నారు. తాత దాని నోరు తెరిచి వెదురుగొట్టంతో కషాయం పోశాడు. అది మింగలేకపోయింది. నాలుగోరోజు చచ్చిపోయింది. అప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్లు. ముప్పై అయిదేళ్ల పైమాట.

సుమారు పదిహేను రోజులకు మా పక్క పల్లెలో ఒక పిల్లవాడికి జ్వరం వచ్చింది. రెండోరోజుకు ఫిట్స్. పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. "ఈమధ్య మా వైపు ఒక గుర్రం కూడా ఇట్లాగే తూలిపడి చచ్చిపోయిందండీ" అని ఆ తల్లి డాక్టరుగారితో అన్నదట. "గుర్రం సంగతి నాకెందుకమ్మా, పిల్లాడి సంగతి చెప్పు" అని ఆయన విసుక్కున్నాడట. ఇక వీధిలోవాళ్లు ఊరుకుంటారా? గుర్రం జబ్బే పిల్లాడికి అంటిందని సాయిబు తాతను నానా మాటలూ అన్నారు. ఆయన ఆ ఏడే మకాం ఎత్తేసి కందుకూరు వైపు వెళ్లిపోయాడు.

ఆ గుర్రానికి వచ్చిందేమిటో, ఆ పిల్లవాడికి వచ్చిందేమిటో నాకు తెలియదు. ఎవరూ నెత్తురు తీసి చూడలేదు. రెండూ ఒకటేనని నేను అనబోవడం లేదు. పదిహేను రోజుల తేడాలో రెండు కబుర్లు బయలుదేరి, ఒకదాన్నొకటి కలుసుకోకుండానే ఆగిపోయాయి. వాటిని కలపడానికి ఒక శాస్త్రం ఉందని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఈవేళ ఆ సంగతే చెబుతాను.

మనం మెదడువాపు వ్యాధి అనే జబ్బు పూర్తి పేరు జపనీస్ ఎన్‌సెఫలైటిస్. జపానులో మొదట గుర్తించారు గనుక ఆ పేరు. అక్కడి శాస్త్రజ్ఞులు 1935లో చనిపోయిన ఒక మనిషి మెదడు నుంచి ఈ వైరస్‌ను వేరుచేశారు, 1937లో గుర్రం మెదడు నుంచి కూడా వేరుచేశారు. చూశారా, మొదటినుంచీ మనిషి పక్కనే గుర్రం ఉంది. మన దేశంలో 1955లో తమిళనాడులోని వెల్లూరులో ఈ రోగులను మొదటిసారి గుర్తించారు. వెల్లూరంటే మనకు దూరమేమీ కాదు, చిత్తూరు దాటితే వెల్లూరే. మన రాష్ట్రంలో 1980లలో ఈ జబ్బు చెలరేగింది, మళ్లీ 1999లో చాలా జిల్లాల్లో పిల్లలను పొట్టన పెట్టుకుంది.

దీని కాపురం ఎట్లా ఉంటుందో వినండి. ఈ వైరస్ అసలు ఇల్లు నీటిపక్షుల ఒంట్లో, అంటే వరిమళ్లలో తెల్లగా వాలే కొంగలు, నత్తకొంగలు, ఆ జాతివాటిల్లో. వాటికి ఏ బాధా ఉండదు. క్యూలెక్స్ జాతి దోమ కొంగను కుట్టి ఆ వైరస్‌ను తన ఒంట్లోకి తీసుకుంటుంది. ఒకటి రెండు వారాలు గడిస్తే గాని అది ఇంకొకరికి ఇవ్వగల స్థితికి రాదు. ఆ తర్వాత పందిని కుడుతుంది. కథంతా ముదిరేది అక్కడే. పంది నెత్తురులో రెండు మూడు రోజులపాటు వైరస్ లెక్కలేనంతగా పెరుగుతుంది. ఆ రోజుల్లో దాన్ని కుట్టిన దోమలన్నీ వైరస్ మోస్తాయి. పందికి మాత్రం పెద్దగా జబ్బు చేసినట్టే కనబడదు, చూలు పందులు ఈచుకుపోవడం తప్ప. పైగా పందులు ఏడాదికేడాది కొత్తవి పుడుతూనే ఉంటాయి. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్లలకు రెండు మూడు నెలల్లో పోతుంది. కాబట్టి ప్రతి వానాకాలానికీ వైరస్‌కు కొత్త మేత సిద్ధం. (మా ఊరి దేవుడు వరాహ నరసింహుడు. ఆయన ఊళ్లో కూచుని పందుల మీద నేరం మోపుతున్నానని కోపగించుకోకండి. దానికి పాపం ఏమీ తెలియదు.)

ఇక గుర్రం, మనిషి. ఈ ఇద్దరి నెత్తురులోనూ వైరస్ అంతగా పెరగదు. జబ్బుపడిన గుర్రాన్ని దోమ కుట్టినా, జబ్బుపడిన పిల్లవాణ్ణి కుట్టినా, దానికి అంటించుకునేటంత వైరస్ దొరకదు. వీధిలో అటువైపు దారి లేని సందు ఉంటుంది చూడండి, లోపలికి వెళ్తామే గాని బయటపడే తోవ ఉండదు. వైరస్‌కు గుర్రమూ మనిషీ అలాంటి సందులు. అంటే సాయిబు తాత గుర్రానికి వచ్చింది ఈ జబ్బే అయినా, అది ఆ పిల్లవాడికి అంటించి ఉండేది కాదు. ఇద్దరినీ ఒకే చేలో పుట్టిన దోమలు కుట్టి ఉండేవి, అంతే. ఆయన్ను ఊరొదిలి వెళ్లేటట్టు చేసిన మాట శాస్త్రప్రకారం తప్పు.

మరి గుర్రం వల్ల అంటకపోతే గుర్రాన్ని కనిపెట్టి చూడడం ఎందుకంటారా? సరిగ్గా అందుకే చూడాలి. కొంగ చెప్పదు. పంది చెప్పదు. గుర్రం చెబుతుంది. వైరస్ సోకిన మనుషుల్లో నూటికి తొంభైతొమ్మిది మందికి పైగా ఏమీ తెలియకుండానే గడిచిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సుమారు 250 మందిలో ఒకరికే తీవ్రమవుతుంది. కానీ తీవ్రమైతే నూటికి ముప్పైమంది దాకా పోవచ్చు. బతికినవాళ్లలోనూ నూటికి ముప్పై నుంచి యాభైమందికి చెయ్యో కాలో మాటో బుద్ధో దెబ్బతింటుంది. ఎక్కువగా పదిహేనేళ్ల లోపు పిల్లలే. అంటే ఒక ఊళ్లో ఒక పిల్లవాడు ఫిట్స్‌తో ఆసుపత్రికి చేరేటప్పటికి, ఆ చుట్టుపక్కల వందలమందిని ఆ దోమలు కుట్టేసి ఉంటాయి. పిల్లవాడు పడిపోయేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. గుర్రం రాత్రంతా ఆరుబయట కట్టేసి ఉంటుంది. దోమతెర లేదు, తలుపు లేదు. మనకంటే ముందే, మనకంటే ఎక్కువగా దోమకాట్లు తింటుంది.

గుర్రాల్లో కూడా చాలావాటికి పైకి జబ్బు కనబడదు. అందుకే తూలిపడేదాకా చూస్తూ కూచోరు, నెత్తురు పరీక్ష చేస్తారు. మెడ దగ్గర నరం నుంచి కొంచెం నెత్తురు తీసి, పేరుకున్నాక పైన తేరిన నీరులాంటి సీరం తీసుకుంటారు. ఏదైనా వైరస్ ఒంట్లోకి వస్తే దానికి ఎదురుగా శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది కదా. సీరంలో ఈ వైరస్‌కు సంబంధించిన యాంటీబాడీలు ఉన్నాయా, ఉంటే ఎన్ని అన్నది చూస్తారు. మన దేశంలో గుర్రాలకు ఈ టీకా మామూలుగా వేయరు. అందువల్ల యాంటీబాడీలు కనబడితే అవి దోమకాటువల్ల వచ్చినవే అనుకోవచ్చు.

"ఎన్ని" అన్నది ఎట్లా కొలుస్తారో నాకు మొదట అర్థం కాలేదు. మజ్జిగతో పోల్చుకుంటే తెలిసింది. ఒక గ్లాసు చిక్కటి మజ్జిగలో ఒక గ్లాసు నీళ్లు పోస్తాం. ఇంకా పులుపు తెలుస్తుంది. మళ్లీ అంత నీళ్లు పోస్తాం. ఇంకా తెలుస్తుంది. ఎన్నోసారికి పులుపు పోయిందో దాన్నిబట్టి మొదటి మజ్జిగ ఎంత పుల్లనిదో చెప్పొచ్చు కదా. సీరాన్ని కూడా అట్లాగే రెట్టింపు రెట్టింపుగా పలచన చేసుకుంటూ పోయి, ఎంతవరకు వైరస్‌ను అడ్డుకుంటుందో చూస్తారు. ఒక్కసారి చూస్తే సరిపోదు. ఎప్పుడో రెండేళ్ల కిందట కుట్టిన దోమ తాలూకు యాంటీబాడీలు కూడా ఒంట్లో ఉండొచ్చు. కాబట్టి జబ్బుపడినప్పుడు ఒకసారి, రెండు మూడు వారాలకు మరోసారి నెత్తురు తీస్తారు. రెండోసారి నాలుగు రెట్లో అంతకుమించో పెరిగితే ఇది ఇప్పటి మాటే, పాతది కాదు అని తేలుతుంది. కొత్తగా సోకినప్పుడు మాత్రమే కొన్నాళ్లు కనబడే ఒక రకం యాంటీబాడీలు కూడా ఉన్నాయి, వాటినీ వెతుకుతారు.

ఇందులో చిక్కులు లేకపోలేదు. వెస్ట్ నైల్ అని ఇంకో వైరస్ ఉంది. దీనికి దాయాది. యాంటీబాడీలు ఒకదానివి ఇంకోదానివిలా కనబడి పరీక్షను మోసం చేస్తాయి. అప్పుడు అసలు వైరస్‌నే ఎదురుగా పెట్టి, ఏ వైరస్‌ను బాగా అణిచాయో చూసి తేల్చాలి. అది పెద్ద ప్రయోగశాలలోనే అవుతుంది. ముసలి గుర్రం నెత్తురు పాత కథలు చెబుతుంది గాని ఈ ఏటి సంగతి చెప్పదు. మరీ పసి గుర్రప్పిల్లలో తల్లివి ఉంటాయి. ఏడాది రెండేళ్ల వయసువి అయితే సాక్ష్యం బాగుంటుంది. పెళ్లి గుర్రాలతో ఇంకో తంటా. ఈవేళ ఒంగోలులో, రేపు నెల్లూరులో, ఎల్లుండి ఇంకెక్కడో. దానికి ఏ ఊరి దోమ కుట్టిందని చెప్పేది? ఊరు కదలని గుర్రమే మంచి కాపలాదారు.

మన దేశంలో ఈ పని చేస్తున్న సంస్థ హర్యానాలోని హిస్సారులో ఉంది, జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. 1985లో మొదలైంది. గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదల జబ్బులన్నీ అక్కడ చూస్తారు. 2009లో హర్యానాలోనే ఒక గుర్రం నుంచి మెదడువాపు వైరస్‌ను వేరుచేశారు. ఆ రోజుల్లోనే చాలా రాష్ట్రాల నుంచి మూడువేల పైచిలుకు నమూనాలు తెప్పించి చూస్తే, పదింట ఒకదానిలో ఈ యాంటీబాడీలు కనబడ్డాయి. మణిపూర్‌లో మాత్రం పదింట తొమ్మిదింటికి పైగా! మణిపూర్ పొట్టి గుర్రాలకు పేరుపడ్డ చోటు, వరి పండించే చోటు, పందులు పెంచే చోటు కూడా. మూడూ ఒక్కచోట చేరితే ఎట్లా ఉంటుందో ఆ లెక్కే చెబుతోంది.

బయటి దేశాల్లో ఈ కాపలా మరీ పకడ్బందీగా ఉంది. జపానులో 1940ల చివర గుర్రాలు వరసగా పడిపోయేసరికి వాటికి టీకాలు వేయడం మొదలుపెట్టారు. టీకా వేసిన గుర్రం ఇక సాక్ష్యానికి పనికిరాదు కదా. 1965 నుంచి ప్రతి వేసవిలోనూ కబేళాలకు వచ్చే పందుల నెత్తురు పరీక్షిస్తూ వస్తున్నారు. అమెరికాలో 1999లో న్యూయార్కులో కాకులు రాలిపోయి, మనుషులకు మెదడు జబ్బు వచ్చి, పక్కనున్న లాంగ్ ఐలండ్‌లో గుర్రాలు తూలిపడినప్పుడు, అది వెస్ట్ నైల్ వైరస్ అని తేలింది. అప్పటినుంచి అక్కడ జబ్బుపడ్డ మనుషుల లెక్క, గుర్రాల లెక్క ఒకే చోట రాస్తారు. ఇంకో చిత్రం, వెస్ట్ నైల్‌కు గుర్రాలకు టీకా ఉంది గాని మనుషులకు ఇంకా లేదు. ఆస్ట్రేలియాలో 2022లో పందులశాలల్లో పందిపిల్లలు చచ్చిపుడుతుంటే పరీక్ష చేసి మెదడువాపు వైరస్ వచ్చిందని పట్టుకున్నారు.

సరైన పరీక్ష లేకపోతే ఏమవుతుందో మనకూ అనుభవమే. 2003 వేసవి చివర వరంగల్, కరీంనగర్ వైపు పిల్లలు జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. జబ్బుపడిన 329 మందిలో 183 మంది. అందరూ మెదడువాపే అనుకున్నారు. పూనాలోని వైరాలజీ సంస్థవాళ్లు పరీక్షిస్తే అది చాందీపుర అనే వేరే వైరస్. దాన్ని మోసేది వరిమడి దోమ కాదు, గోడ పగుళ్లలో పెరిగే చిన్న ఇసుక ఈగ అంటారు. జబ్బు పేరు తప్పితే మందు చల్లే చోటు కూడా తప్పుతుంది.

మనది మిరప, పత్తి, పొగాకు పండే నేల కదా, వరిమడి దోమతో మనకేం పని అనకండి. పాలేరు, మన్నేరు పక్కన, చెరువుల కింద వరి ఉంది. గుంటూరు, బాపట్ల వైపు కాలువల కింద ఉన్నదంతా వరే. పైగా మనకు అసలు వానలు ఆశ్వయుజ కార్తీకాల్లో. మెదడువాపు మన రాష్ట్రంలో ఎక్కువగా వచ్చేది కూడా ఆ నెలల్లోనే. డెంగీ దోమ పగలు కుడుతుంది, ఇంట్లో తొట్లలో, పూలకుండీల కింద పళ్లేల్లో పుడుతుంది. ఇది అట్లా కాదు. మళ్లలో, గుంటల్లో పుట్టి, మునిమాపున బయలుదేరి, రాత్రంతా ఆరుబయట కుడుతుంది. దీనికి పశువుల నెత్తురంటే మహా ఇష్టం. ఆవులు, గేదెల ఒంట్లో వైరస్ పెరగదు. కాబట్టి వాటిని ఎన్ని దోమలు కుట్టినా అవి అంటించవు.

మా ఎదురింటి వదినగారికి ఇదంతా చెబుతుంటే, "అందుకేనా పంచాయతీవాళ్లు గుర్రపుడెక్క తీసేయాలంటారు!" అన్నది. గుర్రపుడెక్కకూ గుర్రానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. కానీ చెరువులో గుర్రపుడెక్క పెరిగితే దోమ పెరిగేమాట నిజమే, తీసేయించండి. వరిమడిలో మధ్యమధ్య ఒకటి రెండు రోజులు నీళ్లు తీసి ఆరబెడితే దోమపిల్లలు చచ్చిపోతాయి. పైరుకు నష్టం లేకుండా ఎప్పుడు ఆరబెట్టాలో వ్యవసాయాధికారిని అడగాలి. పందులను ఇళ్ల మధ్య నుంచి దూరంగా ఉంచాలంటారు. నిజమే, కానీ వాటిమీదే బతికేవాళ్లకు చోటు చూపించకుండా "తోలేయండి" అంటే ఎట్లా? వాళ్లకీ పిల్లలున్నారు. ఆ పిల్లలే పందుల పక్కన పడుకుంటారు, ముందు ముప్పు వాళ్లకే.

మనిషికి టీకా ఉంది. 2006 నుంచి మన దేశంలో ముప్పున్న జిల్లాల్లో పిల్లలకు ప్రభుత్వమే వేయిస్తోంది. 2013లో హైదరాబాదులోని భారత్ బయోటెక్ ఒక టీకా తయారుచేసింది. దానికి వాడిన వైరస్ మన పక్కనున్న కర్ణాటకలోని కోలారులో దొరికినదే. మీ జిల్లా ఆ పట్టికలో ఉందో లేదో, మీ పిల్లవాడికి పడిందో లేదో ఏఎన్ఎమ్ అమ్మాయిని అడిగి కార్డు చూసుకోండి. టీకా వేయించామని దోమతెర మానకండి. సాయంత్రం పిల్లలకు నిండుచేతుల చొక్కా వేయండి.

గుర్రంగాని గాడిదగాని మేత మానేసి, జ్వరంతో తూలుతుంటే, తల గోడకు ఆనించి నిలబడితే, పళ్లు కొరుకుతుంటే, దాని నోట్లో చెయ్యి పెట్టకండి, కషాయం పోయకండి. ఇదే మాట సాయిబు తాతకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కుక్క కరిచిన గుర్రానికి వచ్చే పిచ్చి కూడా సరిగ్గా ఇట్లాగే మొదలవుతుంది, దాని చొంగ తగిలితే మనిషి ప్రాణానికే ముప్పు. ఈగల వల్ల వచ్చే సర్రా జబ్బులోనూ గుర్రం నీరసించి తూలుతుంది. ఏది ఏదో మనం చెప్పలేం. పశువైద్యశాలకు కబురు పెట్టండి. 1962 నంబరుకు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. జబ్బుపడిన జంతువు సంగతి అధికారులకు చెప్పడం యజమాని బాధ్యత అని 2009లో చట్టమే చేశారు. ఆ చట్టం పట్టికలో ఈ మెదడువాపు కూడా ఉంది. ఇంట్లో పిల్లలకు జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళ్తే, పక్కన గుర్రం జబ్బుపడిందనో, పందులు ఈచుకుపోయాయనో కూడా చెప్పండి. విసుక్కున్నా సరే చెప్పండి.

ఒక దిగులు మాత్రం ఉంది. దేశంలో 2012లో సుమారు ఆరు లక్షల పాతికవేలు ఉన్న గుర్రాలు 2019 పశుగణనకు మూడు లక్షల నలభైవేలకు దిగిపోయాయి. గాడిదలు అంతకంటే వేగంగా తగ్గాయి. మలకపేట రేసుకోర్సు గుర్రాలకు వైద్యులు, ఫ్యాన్లు, దోమతెరలు ఉంటాయి. కాపలాకు పనికొచ్చే పేద గుర్రమే మిగలడం లేదు.

మొన్న కార్తీక పౌర్ణమికి సముద్రస్నానానికి పాకల వెళ్లాం. ఒడ్డున పిల్లలను ఎక్కించుకు తిప్పే గుర్రం ఒకటుంది. ఎప్పుడైనా దీని నెత్తురు తీసి చూశారా అని దాని యజమానిని అడిగాను. నా మొహంకేసి వింతగా చూశాడు. "నాడాలు కొట్టేవాడు తప్ప దీన్ని ముట్టుకున్నవాడు లేడమ్మా. ఎందుకడుగుతున్నారు?" అన్నాడు. ఇసుకలో కూచుని చెప్పడం మొదలుపెట్టాను. పొద్దు వాలింది, దోమలు లేచాయి. ఆయన లేచి గుర్రం పక్కన వేపాకు పొగ వేసి, ఫోను నా చేతికిచ్చి, ఆ నంబరు ఎక్కించి పెట్టమన్నాడు.